వానపాములకు కూడు పెట్టిన మా అత్త

మా అత్త పోయింది. కార్తీకమాసం, ముసురు పట్టి వదలని రోజులు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, పంచలో పీట వేసుకుని వాన చూస్తూ కూర్చుందట. కోడలు ఏదో అడగడానికి వచ్చి చూసేసరికి స్తంభానికి ఒరిగి ఉంది. నాకు ఫోన్ చేసింది అత్త కొడుకు. "వదినా, అమ్మ..." అని ఆగిపోయాడు. తిరుపతిలో పాకాల బస్సెక్కి కూర్చున్నాను. చంద్రగిరి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆగలేదు.

చదివేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పుకోవాలి. మా అత్త గొప్ప మనిషేమీ కాదు. ఊరికి బడి కట్టించలేదు, ఎవరి చేతా శాలువా కప్పించుకోలేదు. నాయనకు ఆఖరి చెల్లెలు. పాకాల పక్క పల్లెలో పుట్టి, ఆ ఊళ్ళోనే ఇంకో వీధికి కోడలిగా పోయి, అక్కడే ముసలిదైంది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో, అంతే. మేనత్తే అయినా అక్కలాగా పెంచింది, అక్కలాగే జుట్టు పట్టుకుని కొట్టింది. అలాంటి మనిషి తన చివరి పదేళ్ళూ దేనికి దిగులు పడిందో చెబితే మీకు నవ్వొస్తుంది. వానపాముల కోసం. నవ్వండి, పరవాలేదు. నేనూ చాలాకాలం నవ్వాను.

వానపాముల్ని ఆమె ఎర్రలు అనేది. ఏ చేను గట్టు మీద నడిచినా ఆమె చేసే పని ఒకటుంది. వంగి పిడికెడు మన్ను తీసేది. ఎడమ అరచేతిలో పోసుకుని, కుడి చేతి బొటనవేలితో మెల్లగా విడదీసేది, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఎర్ర కనిపిస్తే ముఖం విప్పారేది. తీసిన చోటే మళ్ళీ దాన్ని పెట్టి, పైన మన్ను కప్పి, "పో, పోయి నీ పని సూసుకో" అనేది. కనిపించకపోతే చేయి దులుపుకుని ముందుకు నడిచేది.

ఈ అలవాటు ఎంతదాకా పోయిందంటే, కొడుక్కి సంబంధం చూడటానికి ఐరాల వైపు పోయినప్పుడు కూడా వదల్లేదు. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. లోపల పిల్లకు చీర కడుతున్నారు. అత్త కనిపించడంలేదు. నేను వెతుక్కుంటూ పెరటి తలుపు తీసి చూస్తే, పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని వాళ్ళ చెనిక్కాయల చేలో గొంతుక్కూర్చుని ఉంది.

"అత్తా! ఏంది ఇది, వాళ్ళు సూస్తే ఏమనుకుంటారు?" అన్నాను.

"ఏమన్నా అనుకోనీ. సూడు పాపా, ఒక్క పిడికిట్లో రొండు ఎర్రలు. మన్నును ఇట్ల పెట్టుకున్నోళ్ళు బిడ్డను సెడగొట్టుంటారా?"

పిల్ల ముఖం చూడకముందే సంబంధం ఖాయం చేసేసింది. ఆ పిల్లే ఆమెను పంచలో ఒరిగిపోయి ఉండగా చూసిన కోడలు. "మా యత్త నన్ను సూసి చేసుకోలేదక్కా, మా ఎర్రల్ని సూసి చేసుకునింది" అని నవ్వుతూ చెప్పుకునేది. శవం దగ్గర కూర్చుని అదే మాట మళ్ళీ చెప్పి, నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది.

వాన పడితే ఆమెకు ఇంకో పని. సిమెంటు వాకిలి మీదికి ఎర్రలు పాక్కుంటూ వచ్చేవి. ఎండ వచ్చిందంటే అవి అక్కడే ఎండి పుల్లలైపోతాయి. ఆమె ఒక బాదం ఆకు పట్టుకుని, ఒక్కోదాన్ని ఎత్తి చేలోకి మోసేది. మోస్తూ తిట్టేది. "యాడికే బయల్దేరినావు? తిరునాళ్ళకా? ఇంట్లో ఉండేదానికి ఏం రోగం నీకు?" వీధిలో పోయేవాళ్ళు ఎవర్ని తిడుతోందోనని తొంగి చూసేవాళ్ళు. నాకు వానపాము అంటే ఒళ్ళు జలదరింపు. దూరంగా నిలబడేదాన్ని. ఆమె నన్ను చూసి, కావాలనే ఆకు నా వైపు చాచేది.

ఇదంతా చెరకు ఉన్న రోజుల్లోని సంగతి. తర్వాత బావుల్లో నీళ్ళు లోపలికి పోయాయి. చెరకు పోయింది, బెల్లం గానుగ పోయింది. అత్త కొడుకు టమాట పెట్టాడు. టమాట పెట్టినవాళ్ళకు తెలుసు, దానికి వచ్చినన్ని రోగాలు మనుషులకు కూడా రావు. ఆకుకు ఒక పురుగు, కాయకు ఒక పురుగు, వేరుకు ఒక పురుగు. వారానికో మందు. డబ్బా భుజాన వేసుకుని అతను చేలోకి దిగితే, గాలి మా వైపు తిరిగితే, ఇంట్లో పాలు కూడా ఆ వాసనే వేసేవి.

నేను తిరుపతిలో పోస్టాఫీసులో పనిచేసేదాన్ని. సెలవు పెట్టి ఊరికి పోయిన ఒక వారంలో, కళ్ళతో చూశాను. నారు నాటుతూ, వేళ్ళకు పురుగు పట్టకుండా సాళ్ళలో గుళికల మందు చల్లి నీళ్ళు పెట్టారు. మరుసటి పొద్దున అత్త కేక పెట్టింది. పాము కరిచిందేమోనని పరుగెత్తాను.

చేనంతా వానపాములు. మట్టి లోపల ఉండాల్సినవి పైకి వచ్చేశాయి. కొన్ని చుట్టలు చుట్టుకుంటున్నాయి, విప్పుకుంటున్నాయి. కొన్నింటి ఒళ్ళు అక్కడక్కడా ఉబ్బిపోయి, మధ్యలో దారంతో బిగించి కట్టినట్టు సన్నబడింది. కొన్ని తోక వైపు తెగిపోయాయి. తెగిన ముక్క వేరుగా కొట్టుకుంటోంది. అంతకుముందు వాటిని చూస్తే నాకు అసహ్యం వేసేది. ఆ పొద్దున అసహ్యం ఎటు పోయిందో పోయింది. అవి అన్నీ ఎటో పోవాలని చూస్తున్నాయి. ఎటు పోతే బాగుంటుందో వాటికి తెలియడంలేదు.

అత్త చేట తెచ్చి ఏరడం మొదలుపెట్టింది. ఏరి, బావి నీళ్ళలో కడిగి, తడి గోనెపట్టలో పరిచింది. నేను కూడా ఏరాను, చేతులతోనే. ఇంతలో గోరింకలు దిగాయి. ఆమె చేట వదిలేసి వాటి వెంట పడింది. "తినబాకండే! మీరు గూడా సస్తారు, తినబాకండే!" ఒకవైపు తరిమితే ఇంకోవైపు వాలుతున్నాయి. పండుగ దొరికింది వాటికి. ఆమె ఎన్నిటినని తరుముతుంది? చివరికి గట్టు మీద కూలబడింది. మధ్యాహ్నానికి గోనెపట్టలో ఒక్కటి కూడా కదల్లేదు.

అత్త కొడుకు చెడ్డవాడు కాదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, తల్లి ముందు తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"అమ్మా, నేను పురుక్కి ఏసినా. ఎర్రలకు ఏయలేదే."

"మందుకు ఆ సంగతి సెప్పినావా నాయినా?" అంది అత్త.

"ఏయకపోతే కాయ ఉండదు మా. కాయ లేకపోతే మనం ఉండం. నన్నేం చెయ్యమంటావో నువ్వే సెప్పు."

ఆమె వంగి గోనెపట్ట కొసలు దగ్గరికి మడిచింది. అతను నిజంగానే అడిగాడు, ఎత్తిపొడుపు కాదు. తల్లి ఏదైనా దారి చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను ఇద్దరి ముఖాలూ చూస్తూ ఉన్నాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత ఆమె పిడికిళ్ళలో ఎర్రలు కనబడటం మానేశాయి. మన్ను గట్టిపడింది. వాన పడితే నీళ్ళు లోపలికి ఇంకక సాళ్ళలో నిలబడేవి. అత్త చెంబుతో నీళ్ళు పోసి, అవి ఎంతకీ ఇంకకపోవడం చూస్తూ కూర్చునేది. "మన్నుకు ముక్కులు మూసుకపోయినాయి పాపా" అనేది. "దానికి ముక్కులు చేసేటివే సచ్చిపోయినాయి గదా."

ఆమె ఊరుకునే రకం కాదు. ఒకసారి మా ఇంటికి వచ్చింది. అప్పుడు మేము తిరుపతిలో పాత ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం. వెనక బట్టలు ఉతికే బండ, దాని నీళ్ళు పోయే చోట ఒక అరటిచెట్టు. అత్త ఎప్పటిలాగే అరటి మొదట్లో వంగి పిడికెడు మన్ను తీసింది. తీసి, కేక పెట్టింది.

"పాపా! ఈడుండాయే! పల్లెలో సచ్చిపోయి ఈ పట్నంలో బతికుండాయి సూడు!"

సబ్బు నీళ్ళు పోసినా, కాలవ వాసన వచ్చినా, అక్కడ మందు కొట్టేవాళ్ళు ఎవరూ లేరు మరి. ఆమె సంతోషం ఇంతా అంతా కాదు. ముందు నన్ను అడిగింది, "మీ పోస్టులో ఎర్రల్ని పార్సిలు పంపొచ్చునా?" అని. పంపకూడదని, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారని చెప్పాను. "ఎందుకు పనికొచ్చేటిదే మీ పోస్టు" అని తిట్టి, మా ఇంట్లో అన్నం క్యారియర్ లాక్కుని, అందులో తడి మన్ను పరిచి, వాటిని దింపింది. ఒక గిన్నెలో పట్టకపోతే మూడు గిన్నెల్లోనూ.

బస్సులో క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఎక్కించడానికి వచ్చి కిటికీ పక్క నిలబడ్డాను. కండక్టరు సరదా మనిషి.

"ఏంది పెద్దమ్మా, అంత భద్రంగా పట్టుకున్నావు, మాంసం కూరా?"

"ఊఁ. సూస్తావా?" అని మూత తీయబోయింది.

నేను కిటికీలోంచి చేయి పెట్టి మూత నొక్కేశాను. ఆ క్యారియర్‌లో మా ఇంట్లో మళ్ళీ ఎవరూ అన్నం తినలేదు. ఇప్పటికీ అటక మీద ఉంది. పారేయబుద్ధి కాలేదు.

బావి పక్కన చిన్న మడి ఒకటి ఉండేది. "బావికాడ మడి నీది మా, దాంట్లో నేను మందు సుక్క పడనీను" అని కొడుకు మాటిచ్చాడు. దాని గట్టునే సిమెంటు తొట్టి కట్టించాడు, పైన కొబ్బరి మట్టల పందిరి వేయించాడు. అత్త అందులో ఎర్రల్ని పెంచడం మొదలుపెట్టింది. పేడ, ఎండుటాకులు, కూరగాయల తొక్కలు. కానీ ఏది పడితే అది వేసేది కాదు. తొట్టిలో పడే ప్రతిదాన్నీ ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. వరిగడ్డి వాసన చూసి పక్కకు విసిరేసేది. "మందు కొట్టిన గడ్డి ఇది, నాకు తెలీదా?" ఎదురింటి ఆవుకు కడుపులో పురుగులు పోవడానికి మందు తాపారని తెలిస్తే, దాని పేడ నెల పాటు ముట్టుకోలేదు. ఎదురింటామెకు కోపం వచ్చింది, మా ఆవు పేడ అంత అంటరానిదైందా అని. మేమంతా ఆటపట్టించేవాళ్ళం. మాకు వడ్డించే కూరను కూడా ఇంత పరీక్ష చేసి పెట్టవు కదా అత్తా, అని.

"మీకు నోరుండాది. బాగలేకపోతే సెప్తారు. వాటికి ఎవురుండారు?" అనేది.

తొట్టిలో అవి పెరిగాయి. పెరిగినవాటిని దోసిళ్ళతో తీసుకెళ్ళి మడిలో వదిలింది. ఒక వానకు మడి నిండా మట్టి గుళ్ళు లేచాయి, అవి తిని విసర్జించిన మన్ను, చిన్న చిన్న కుప్పలుగా. ఆ రోజు నాకు ఫోన్ చేసి, ఏ సంగతీ అడక్కుండా, "మన్ను పొంగింది పాపా" అంది. పిల్లలు పాసైనా అంత సంబరపడలేదు ఆమె.

ఆ సంబరం ఎక్కువ రోజులు లేదు. మడి పల్లంలో ఉంటుంది, టమాట చేను మెరకలో. గట్టివాన పడిన రోజు మెరక నీళ్ళన్నీ మడిలోకి దిగాయి. కొడుకు మాట తప్పలేదు. మడిలో చుక్క మందు వేయలేదు. పైచేలో వేసింది వాన మోసుకొచ్చింది. అత్త గట్టుకు మన్ను ఎగదోస్తూ వానలో తడిసి జ్వరం తెచ్చుకుంది. నీళ్ళు ఆ గట్టు పక్క నుంచి, ఈ గట్టు కింద నుంచి వస్తూనే ఉన్నాయి. మడిలోవి మళ్ళీ పైకి వచ్చి చచ్చిపోయాయి. అయినా ఆమె కుంగిపోలేదు. తొట్టి ఉంది కదా, విత్తనం ఉన్నట్టే, అంది.

ఆ తొట్టి పోయిన సంగతి చెప్పడం నాకు కష్టం. మా వైపువాళ్ళు తప్ప ఇంకెవరూ అలా పొరపాటు పడరేమో.

ఊళ్ళో అమ్మవారి జాతర జరిగింది. ఆ ఏడు అలంకారం ఘనంగా చేశారు. గుడి ద్వారం నుంచి గర్భగుడి దాకా బంతిపూలు, చామంతులు. జాతర అయ్యాక, తీసిన పూలు గుట్టలుగా మిగిలాయి. దేవుని మీంచి తీసిన పూలను కాలి కింద పడనివ్వరు. పారే నీళ్ళలో కలపాలి. ఏట్లో నీళ్ళు లేవు. పూజారి ఏం చేయాలో తోచక తల పట్టుకుంటే, అత్త వెళ్ళి, "నాకియ్యండి సామీ, నా ఎర్రలకు పెడతా. ఎవురూ తొక్కరు, మన్నులో కలిసిపోతాయి" అంది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. అందరూ బాగుంది అన్నారు. నేను విని, బాగుంది అన్నాను. ఆమె కళ్ళకద్దుకుని, కొంచెం కొంచెంగా కూడా కాదు, దేవుని ప్రసాదం కదా అని తొట్టి నిండా పరిచింది.

ఆ పూలు తోటలో ఉన్నప్పుడు పురుగు పట్టకుండా మందు కొట్టి ఉన్నారు. జాతరకు గిరాకీ ఉంటుందని కోతకు ముందు కూడా కొట్టి ఉంటారు.

రెండో రోజుకు వానపాములు తొట్టి గోడలెక్కాయి. సిమెంటు మీద పట్టు దొరక్క జారి పడ్డాయి. అత్త ఫోన్ చేస్తే నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. తొట్టి దగ్గర కూర్చుని ఉంది. పూలన్నీ తీసి ఒక పక్క కుప్ప పోసింది, అప్పుడు కూడా ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెట్టి. లోపల ఏమీ మిగల్లేదు. కంపు కొడుతోంది.

"అన్నీ వాసన సూసి ఏస్తాను గదా పాపా," అంది. "గడ్డి సూసినా, పేడ సూసినా, ఆకు సూసినా. పూలు సూడలేదు."

"ఎందుకు సూడలేదత్తా?"

"దేవునికి పెట్టే పూలు వాసన సూడకూడదని మాయమ్మ చిన్నప్పుడు నెత్తిన మొట్టి నేర్పిచ్చినాది. పెట్టి తీసినాక సూడొచ్చు. నాకు తెలుసు. అయినా చెయ్యి ముక్కుకాడికి పోలే. కండ్లకు అద్దుకున్నాను. తల్లి మీంచి తీసిన పూలు గదా, దాంట్లో ఏముంటాదని అనుకుంటాం?"

నేను ఏదో ఓదార్పు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. పనికొచ్చే మాటైతే గుర్తుండేది. ఆమె అమ్మవారిని తిట్టలేదు, పూలు పెంచినవాణ్ణి తిట్టలేదు, కొడుకునూ ఏమీ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంది. ఆ రెండు చేతులూ ఊరికే ఉండగా నేను చూడటం అదే మొదలు. ఆమె తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మళ్ళీ మొదలుపెట్టాలంటే విత్తనం కావాలి. నన్ను అడిగింది. అప్పటికి మేము ఆ పాత ఇల్లు వదిలి మూడో అంతస్తులోకి మారాం. పాత ఇంటిని కూలగొట్టి, అరటిచెట్టు ఉన్న చోట బండ్లు పెట్టుకోవడానికి సిమెంటు పోశారు. ఆ మాట చెబితే నమ్మక, కంటి పరీక్షకు తిరుపతి వచ్చినప్పుడు నన్ను అక్కడికి నడిపించుకుని పోయింది. గేటు బయట నిలబడి లోపలికి చూసింది. వాచ్‌మన్ "ఎవురు కావాల?" అని అడిగాడు. ఎవరూ వద్దులే నాయినా, అంది.

సంచుల్లో అమ్మే వానపాములు కూడా తెప్పించి చూశాం. అవి పేడలో తప్ప మన్నులో బతికేవి కావట. తొట్టిలో ఉన్నన్నాళ్ళు ఉండి, మడిలోకి వదిలితే కనిపించకుండా పోయేవి. "అద్దెకొచ్చినోళ్ళు అవి" అనేది. తర్వాత తర్వాత తొట్టి వైపు పోవడం మానేసింది. గట్టు మీద వంగడం మాత్రం మానలేదు. నడుము పట్టేసినా, కర్ర మీద ఆనుకుని వంగి, మన్ను తీసి, విడదీసి చూసి, చేయి దులుపుకునేది.

ఈ వేసవిలో మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. బాల్కనీలో నా పూలకుండీలున్నాయి. పొద్దున్నే చూస్తే కుండీలో వేలు పెట్టి కెలుకుతోంది.

"అది కొన్న మన్ను అత్తా, దాంట్లో ఏం ఉండవు."

"తెలుసులే. వేలు ఊరుకోదు." కాసేపు కింద రోడ్డు మీద పోయే బండ్లను చూసింది. తర్వాత, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అంది. "పాపా, నన్ను కాల్చొద్దని వాడికి సెప్పు. బావికాడ మడిలో పెట్టమను. ఇన్నేండ్లు ఎర్రలకు పేడ పెట్టినా, ఆకు పెట్టినా. కడాకు నన్ను నేను పెట్టుకుంటా."

నా నోరు ఊరుకోదు. ఊరుకుని ఉంటే బాగుండేది. "ఆడ ఎర్రలు యాడుండాయి అత్తా?" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. ఆలోచించింది, నిజంగానే. "ఇప్పుడు లేవు. వస్తాయేమో. వచ్చేదాకా ఉంటా. నాకు ఆడ ఇంకేం పని ఉండాది?" అని నవ్వింది. నేను నవ్వలేదు. కాఫీ కలుపుతానని లోపలికి వచ్చేసి, పాలు పొంగిపోయేదాకా పొయ్యి ముందు నిలబడ్డాను.

నేను ఊరు చేరేసరికి బంధువులు కాల్చడం గురించి మాట్లాడుకుంటున్నారు. వానలో గుంట తవ్వితే నీళ్ళూరుతాయని వాళ్ళ భయం. అత్త కొడుకు ఒక్కటే మాట అన్నాడు. "అమ్మ బావికాడ అన్నాది." నేను అతనికి చెప్పకముందే అతనికి తెలుసు. ఆమె అతనికీ చెప్పి ఉంది, నన్ను నమ్మలేదు. ఆ దుఃఖంలో కూడా నాకు కొంచెం ఉడుకుమోత్తనం వచ్చింది.

గుంట తవ్వుతుంటే నేను గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డాను. గడ్డపార దిగినప్పుడల్లా మన్ను పెడ్డలు పెడ్డలుగా పెళ్ళగిలింది. ఆ పెడ్డల్ని చూస్తూ ఉన్నాను. ఎందుకు చూస్తున్నానో నాకు తెలుసు. కార్తీకంలో, ఇన్ని రోజుల వాన తర్వాత, తడిసిన మన్నులో ఏదైనా మెదలాలి. నా చిన్నప్పుడు ఇదే మడిలో పార వేస్తే అవి తెగుతాయని అత్త నన్ను పార ముట్టనిచ్చేది కాదు. తవ్వేవాళ్ళు భుజాల లోతుకు దిగారు. పైన కుప్ప పెరిగింది. కొంగ ఒకటి వచ్చి కుప్ప మీద వాలింది, అటూ ఇటూ నడిచి, ఒక్కసారి కూడా ముక్కు దించకుండా ఎగిరిపోయింది.

ఆమెను దింపారు. మా వాళ్ళలో కొడుకు ముందు మన్ను వేయాలి, తర్వాత ఆడా మగా అందరూ తలా మూడు పిడికిళ్ళు. అతను వంగి పిడికెడు మన్ను తీశాడు. గుంట మీదికి చేయి చాచాడు. వేస్తాడనుకున్నాం. వేయలేదు. చేయి వెనక్కి తీసుకుని, అరచేయి తెరిచి, బొటనవేలితో మన్నును విడదీయసాగాడు. అచ్చం ఆమె చేసినట్టే, మెల్లగా. ఎడమచేయి, కుడి బొటనవేలు. వాన అతని చేతిలో పడుతోంది. మన్ను కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

వెనక నుంచి వాళ్ళ చిన్నాయన, "ఎయ్యప్పా, వాన పెద్దదవతా ఉండాది" అన్నాడు.

"ఉండు చిన్నాయినా" అన్నాడు అతను, తల ఎత్తకుండా. "ఒక్కటన్నా కనపడనీ. ఆయమ్మ ఎర్రలకు కూడవతానని ఈడికొచ్చినాది."

ఆ మన్ను కింద వదిలి ఇంకో పిడికెడు తీశాడు. అదీ విప్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని కుప్పలో చేతులు పెట్టాడు. అతని భార్య వెళ్ళి పక్కన కూర్చుంది, అతన్ని లేపడానికనుకున్నాను. ఆమె కూడా పిడికెడు తీసి విడదీయడం మొదలుపెట్టింది. నేను గొడుగు పక్కన పెట్టాను. నాకు తెలిసి ఆ చిన్నాయన ఎప్పుడూ ఎవరికోసమూ వంగిన మనిషి కాదు. ఆయనా వంగాడు. గుంటలో ఆమె పసుపు చీర తడుస్తూ ఉంది. మేమందరం ఆ వానలో చుట్టూ కూర్చుని, పిడికిళ్ళు విప్పుకుని, మన్ను చూస్తూ ఉన్నాం.